వరద జాగ్రత్తల్లో బ్యాకప్ డ్రైవ్‌కూ ఒక లైను ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను విజయవాడ అజిత్ సింగ్ నగర్‌లో ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. పద్దెనిమిదేళ్లుగా తెలుగు పుస్తకాలు ‘అను’ ఫాంట్లలో కొట్టి, పేజీలు పెట్టి ప్రెస్సుకు ఇస్తున్నాను. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు అత్తయ్య మందుల సంచి, పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని పై వాటాలోకి పరిగెత్తాం. నా లాప్‌టాప్ కోసం మా ఆయన మళ్లీ దిగేసరికి టేబుల్ మునిగిపోయింది. ఫైళ్ల నకళ్లు దాచుకునే నా బ్యాకప్ హార్డ్ డిస్క్ ఆ టేబుల్ సొరుగులోనే ఉంది.

ప్రతి శనివారం తప్పకుండా బ్యాకప్ తీసేదాన్ని. తీసి లాప్‌టాప్ పక్కనే పెట్టేదాన్ని. రెండూ కలిసే పోయాయి.

నీళ్లు తీశాక ఆ డిస్క్‌ను రెండు రోజులు డాబా మీద ఎండబెట్టాను. అలా చేయకూడదని రికవరీ షాపులో చెప్పారు. ఆరితే బురద డిస్క్ లోపల తిరిగే పళ్లేలకు అంటుకుపోతుందట, తడిగా ఉన్నప్పుడే తేవాల్సిందట. అప్పటికి ఆలస్యమైపోయింది. ఒక రిటైర్డ్ మాస్టారు కూర్చిన పల్లె పదాల కోశం, 340 పేజీలు, మూడు ప్రూఫులు దిద్దినది అందులో ఉంది. అదృష్టం కొద్దీ ఆయన దగ్గర ప్రూఫు కాగితాలు మిగిలాయి. మొదటి పేజీ నుంచి మళ్లీ కొట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఆయన డబ్బు ఇవ్వబోతే నాకు చెయ్యి చాపాలనిపించలేదు.

ఆ తర్వాత ఒక టీబీ (సుమారు వెయ్యి జీబీ) పోర్టబుల్ ఎస్ఎస్‌డీ, అంటే ఫైళ్లను చిప్పుల్లో దాచే చిన్న డ్రైవ్, కొన్నాను. అరచేతిలో పడుతుంది, అరవై గ్రాములు కూడా ఉండదు. హార్డ్ డిస్క్‌లోలా లోపల తిరిగే పళ్లెం, దాని మీద కదిలే ముల్లు దీనికి లేవు. అందుకే హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బస్సెక్కినా టెన్షన్ లేదు. నా 180 జీబీ ఫైళ్లు పాత డిస్క్‌లోకి ఎక్కడానికి గంటన్నర పట్టేది, ఇందులోకి పావుగంట చాలు. మొదటి రోజు మాత్రం పాత కేబుల్‌తో పెట్టి, ఇదీ నత్తనడకే అనుకున్నాను. దానితో ఇచ్చిన కేబుల్‌నే నీలం రంగు పోర్టులో పెట్టాలని తర్వాత తెలిసింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ రోజు మారిన ఫైళ్లు మాత్రం ఎక్కించి, ఎజెక్ట్ కొట్టి తీసేస్తాను. ఎప్పుడూ తగిలించే ఉంచితే లాప్‌టాప్‌లోకి వైరస్ వచ్చిన రోజు అదీ పోతుంది. రచయితల అచ్చుకాని పుస్తకాలు ఉంటాయి కాబట్టి పాస్‌వర్డ్ పెట్టాను.

అయితే దీన్ని బీరువాలో దాచుకునే వస్తువు అనుకోవద్దు. ఇందులో సమాచారం విద్యుదావేశం రూపంలో నిలిచి ఉంటుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడేస్తే అది మెల్లగా తగ్గుతుంది. వేడిలో ఇంకా త్వరగా తగ్గుతుంది, మన ఎండల సంగతి తెలిసిందే. పైగా హార్డ్ డిస్క్ పోయే ముందు చాలాసార్లు టిక్ టిక్ మని చప్పుడు చేస్తుంది, ఎస్ఎస్‌డీ చెప్పకుండానే ఆగిపోవచ్చు. అందుకే పూర్తయిన పుస్తకాలు ఇంకో మామూలు హార్డ్ డిస్క్‌లో కూడా ఎక్కించి నూజివీడులో అక్క ఇంట్లో ఉంచాను. పండక్కి వెళ్లినప్పుడల్లా తెరిచి చూసి, కొత్తవి చేర్చి వస్తాను.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 16 టీబీ ఎస్ఎస్‌డీ రెండు వేలే అంటే నమ్మకండి. మా పక్కింటి అబ్బాయి అలాంటిది కొన్నాడు. విప్పి చూస్తే లోపల ఫోన్లో వేసే చిన్న మెమరీ కార్డు! ఎంత ఎక్కించినా ఎక్కినట్టే చూపించింది, తెరిస్తే సగం ఫొటోలు లేవు. వాడి తాతయ్య చివరి పుట్టినరోజు ఫొటోలు అందులోనే పోయాయి. ఎంత మంచి కంపెనీదైనా సరే, ఎక్కించిన ఫైళ్లు నాలుగు తెరిచి చూసుకున్నాకే పాతవి తీసేయండి.

మీ పత్రికలో వానాకాలం ముందు వరద జాగ్రత్తలు వేస్తుంటారు. టార్చి, మందులు, తాగునీళ్లు, సర్టిఫికెట్లు అని రాస్తారు. మా వీధిలో లాప్‌టాప్ మీద బతికేవాళ్లు ఇప్పుడు ఇంటికొకరున్నారు. ఈసారి ఆ వరుసలో బ్యాకప్ డ్రైవ్ అని కూడా ఒక లైను వేయండి. అది లాప్‌టాప్ ఉన్న గదిలో ఉండకూడదని కూడా రాయండి.

— ఒక డీటీపీ ఆపరేటర్, అజిత్ సింగ్ నగర్, విజయవాడ