మా డాబాకు చేరని 20 లీటర్ల పెయింటు గురించి ఫిర్యాదు

హన్మకొండ,
జూన్ 16

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం మేనేజరు గారికి,

విషయం: కూల్ రూఫ్ పూత పనిలో లోపం, బిల్లు వేసి వాడని పెయింటు, అమ్మేటప్పుడు చెప్పిన అబద్ధాలు.

అయ్యా,

గత ఫిబ్రవరిలో హన్మకొండలోని మీ డీలరు ద్వారా మా ఇంటి డాబాకు, ఎండను తిప్పికొట్టి ఇంటిని చల్లగా ఉంచే మీ కంపెనీ తెల్ల పూత వేయించుకున్నాను. 1,200 చదరపు అడుగులకు, అడుగుకు రూ. 26 చొప్పున, పెయింటూ కూలీ కలిపి రూ. 31,200 చెల్లించాను. వేసవి అంతా పై గదులు ఎప్పటిలాగే ఉడికిపోయాయి. ఈ నెల తొలి వానలకు పూత పెచ్చులుగా లేచి, కొట్టుకుపోయి వాన నీటి గొట్టంలో ఇరుక్కుంది. ఫోనులో ఫిర్యాదు చేస్తే మీ ఇంజనీరు ఒకరు వచ్చారు. మెట్ల గది గుమ్మం దాటకుండా రెండు ఫొటోలు తీసుకుని వెళ్లారు. ఆ తరువాత "మీ ప్రాంతంలో గ్రానైటు దుమ్ము ఎక్కువ, ఉత్పత్తిలో లోపం లేదు, ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజి వచ్చింది. ఎవరికి పరిష్కారమైందో ఆ మెసేజిలో లేదు.

మీ ఉత్పత్తిలో లోపం లేదన్న మాటను నేనూ ఒప్పుకుంటాను. అందుకు రుజువు మా డాబా మీదే ఉంది. మెట్ల గదిని ఆనుకుని, మీ పనివాళ్లు మొదట డబ్బా మూత తెరిచి పని మొదలుపెట్టిన చోట, పూత దళసరిగా ఉంది. వానకు చెక్కు చెదరలేదు. ఏప్రిల్ చివరలో మధ్యాహ్నం రెండు గంటలకు కూడా అక్కడ చెప్పులు లేకుండా నిలబడగలిగాం. అక్కడి నుంచి పడమటి పిట్టగోడ వైపు నాలుగు అడుగులు వేస్తే కాళ్లు కాలాయి. ఏసీలు బాగుచేసే మా మరిది తన టెంపరేచర్ గన్ తెచ్చి అదే గంటలో మూడు చోట్ల కొలిచాడు. దళసరి పూత ఉన్నచోట 46 డిగ్రీలు. మిగతా డాబా మీద 54. నీళ్ల ట్యాంకు దిమ్మె పక్కన మీవాళ్లు పూత వేయకుండా వదిలేసిన ఉత్త సిమెంటు మీద 61. ఒకే స్లాబు, ఒకే ఎండ, ఒకే రోజు వేసిన ఒకే కంపెనీ పూత. మీ పుణ్యమా అని ఆ మంచి భాగం కింద ఉన్నది మా సామాన్ల గది. అందులో పాత పెట్టెలు, బియ్యం డబ్బా హాయిగా ఉన్నాయి. మనుషులు ఉండే గదులు పడమటి వైపు ఉన్నాయి.

ఇక దుమ్ము సంగతి. పూత మీద దుమ్ము పేరుకుంటే ఎండను తిప్పికొట్టే శక్తి తగ్గుతుందన్నది నిజం. వరంగల్ చుట్టుపక్కల గ్రానైటు పని ఉందన్నదీ నిజం. అయితే దుమ్ము మెట్ల గది పక్కన పడకుండా పడమటి వైపు మాత్రమే పడుతుందా? కొలిచే ముందు రోజు సాయంత్రం డాబా అంతా కడిగించాను కూడా. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా దుమ్ము పేరు మళ్లీ ఎత్తవద్దు.

అసలు కారణం లెక్కలో ఉంది. మీ డబ్బా మీదే ముద్రించి ఉంది: రెండు పూతలకు కలిపి లీటరు పెయింటు 20 చదరపు అడుగులకు వస్తుందని. ఆ లెక్కన మా డాబాకు 60 లీటర్లు కావాలి. మీ డీలరు బిల్లులోనూ 20 లీటర్ల డబ్బాలు మూడు అని స్పష్టంగా ఉంది. మా డాబా మీద ఖాళీ అయినవి రెండే. మూడో డబ్బా సీలు విప్పకుండా సాయంత్రం ఆటోలో వెళ్లిపోయింది. అడిగితే "అది వేరే సైటుది అమ్మా" అన్నారు. మా బిల్లులో ఉన్న డబ్బా వేరే సైటుది ఎలా అయిందో మీ డీలరును మీరే అడగండి. ఖాళీ డబ్బాలు రెండూ బ్యాచ్ నంబర్లతో సహా నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

40 లీటర్లతో రావలసింది 800 చదరపు అడుగులు. మిగిలిన 400 అడుగులను ట్యాంకు నీళ్లతో పూడ్చారు. రెండో పూతలో నీళ్లు కలపరాదని డబ్బా మీద రాసి ఉంది. మా కళ్ల ముందే మగ్గులకు మగ్గులు కలిపి పలుచని మజ్జిగలా చేసి రోలరు తిప్పారు. ఈ పూతలో ఎండను వెనక్కి పంపేది అందులోని తెల్లని పొడి, అది తగినంత మందంగా నిలిచినప్పుడే. పలుచబడితే చూడటానికి తెల్లగానే ఉంటుంది. మీ ఇంజనీరు ఆ తెలుపును ఫొటో తీసుకుని తృప్తిపడ్డారు. కానీ ఎండలోని వేడిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలది. అందువల్ల తెల్లగా కనిపించే పైకప్పులన్నీ ఒకే రకంగా వేడిని ఆపవు. ఫొటోలో రంగు చూడవచ్చు, వేడిని చూడలేరు.

పూతకు ముందు చేయవలసిన పనీ చేయలేదు. పోయిన వానాకాలపు నల్లని నాచు డాబా మీద మచ్చలు మచ్చలుగా ఉంది. దాన్ని వైరు బ్రష్షుతో గీకి, కడిగి, ఆరనిచ్చి, పగుళ్లు పూడ్చి, ప్రైమరు వేసి ఆ తరువాత పూత వేయాలి. ఇది మీ కరపత్రంలోనే బొమ్మలతో సహా ఉంది. జరిగింది చీపురుతో ఊడ్చడం మాత్రమే. పైగా పొద్దెక్కాక వచ్చి, స్లాబు బాగా వేడెక్కిన మధ్యాహ్నం వేళ రెండో పూత కానిచ్చారు. కాలే సిమెంటు మీద నీటి పెయింటు సరిగ్గా పట్టుకోకముందే ఆరిపోతుంది. ఊడిన పెచ్చులు తిప్పి చూస్తే వెనకవైపు నాచు అంటుకుని ఉంది. పూత నాచును పట్టుకుంది, స్లాబును కాదు. ఆ పెచ్చులు కొన్ని కవరులో వేసి దాచాను.

మీ డీలరు మనిషి ఇంటికి వచ్చి చెప్పిన మాటలు రెండు ఇక్కడ రాయక తప్పదు. మొదటిది, ఈ పూత ప్రభుత్వం తప్పనిసరి చేసిందని, వేయించుకోకపోతే జరిమానా పడుతుందని. తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023లో వచ్చింది, 2028 వరకు ఉంటుంది. నివాస గృహాల విషయంలో అది తప్పనిసరి చేసింది 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకు. అంతకంటే చిన్న స్థలమైతే యజమాని ఇష్టం. మాది 200 గజాల ఇల్లు. చల్లదనం కోసం ఇష్టపడి వేయించుకునే దానికి నన్ను భయపెట్టి అమ్మవలసిన అవసరం ఏమిటి? ఒంటరిగా ఉండే ఆడవాళ్ల ఇళ్లలో ఇంకెందరికి ఇలా చెప్పి ఉంటారో కనుక్కోండి.

రెండోది, గదిలో వేడి 10 డిగ్రీలు తగ్గుతుందని. కరపత్రంలో కూడా ఆ అంకె పక్కన మంచం, ఫ్యాను ఉన్న గది బొమ్మే వేశారు. స్లాబు పైభాగంలో అంత తేడా రావచ్చు, ఇంకా ఎక్కువే రావచ్చు. మా మెట్ల గది పక్కన వచ్చింది కూడా. కింద గదిలోని గాలికి వచ్చేసరికి, పని చక్కగా జరిగిన చోట సాధారణంగా చెప్పే తేడా రెండు నుంచి ఐదు డిగ్రీలు. అది తక్కువేమీ కాదు. ఆ మాటే నిజాయితీగా చెప్పి ఉంటే అప్పుడూ వేయించుకునేదాన్ని.

మీ కాల్ సెంటరు అమ్మాయి ఓపికగా మాట్లాడింది, ఆమె మీద నాకు కోపం లేదు. కానీ "కిటికీలు తెరిచి ఉంచండి, లేదా ఏసీ పెట్టించుకోండి" అని ఆమె చేత చెప్పించిన వారికి ఒక మాట. ఓరుగల్లు ఎండలో మేము కొత్తగా కాపురం పెట్టలేదు. పొద్దున ఎండ ముదరక ముందే కిటికీలు మూసి, చీకటి పడ్డాక అన్నీ తెరుస్తాం. పడమటి కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుతాం. ఇవన్నీ కిటికీలోంచి వచ్చే వేడికి సరిపోతాయి. పగలంతా తాగిన ఎండను రాత్రి పది గంటలకు కూడా కిందికి వదిలే స్లాబుకు సరిపోవు. అప్పుడు ఫ్యాను వేస్తే పైనున్న వేడినే నెత్తిన పోస్తుంది. అందుకే పూత వేయించుకున్నది. ఏసీ పెట్టించుకునే స్తోమతే ఉంటే మీ కరపత్రం చదివేదాన్ని కాదు.

ఆ పై గదుల్లో పోటీ పరీక్షలకు చదువుకునే ఇద్దరు అమ్మాయిలు అద్దెకు ఉండేవారు. ఫిబ్రవరిలో వాళ్లకు నేను ఈ పూత చూపించి భరోసా ఇచ్చాను. రాత్రిళ్లు నిద్ర లేక, రోహిణి కార్తె రాకముందే ఖాళీ చేసి కింది అంతస్తు గది వెతుక్కున్నారు. మే నెల అద్దె రూ. 7,000 పోయింది.

నాకు కావలసినవి ఇవి. ఊడిన పూత మొత్తం గీకించి, డబ్బా మీద మీరు రాసిన పద్ధతిలోనే, పూర్తి 60 లీటర్లతో మళ్లీ వేయించాలి. ఇప్పుడు వానల్లో వేస్తామని రావద్దు. దీపావళి తరువాత, పొద్దున చల్లటి వేళ వేయండి. కానీ వేస్తామన్న హామీ మాత్రం ఇప్పుడే, కంపెనీ లెటర్‌హెడ్ మీద, సంతకంతో కావాలి. డీలరు ఇచ్చిన ఐదేళ్ల వారంటీ కార్డు మీద సంతకమూ లేదు, తేదీ లేదు, అదీ సరిచేయాలి. ఈ బ్యాచ్ పెయింటుకు సౌర పరావర్తన సూచిక (ఎండలో పైకప్పు ఎంత చల్లగా ఉంటుందో చెప్పే అంకె) ఎంతో, కొత్తగా వేసినప్పుడూ మూడేళ్లు పాతబడ్డాకా ఎంతెంత ఉంటుందో తెలిపే పరీక్ష నివేదిక పంపాలి. పోయిన అద్దె రూ. 7,000 చెల్లించాలి. ఇవి కుదరవంటే రూ. 31,200 అద్దెతో కలిపి వాపసు ఇవ్వండి, పూత సంగతి నేను చూసుకుంటాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు కాబట్టి మీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి నేను రానవసరం లేదు. ఇంత మొత్తానికి ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు ఉంది.

బిల్లు నకలు, డబ్బాల మీది బ్యాచ్ నంబర్ల ఫొటోలు, కొలతలు తీసిన వీడియో జతచేస్తున్నాను. ఈసారి పంపే ఇంజనీరును డాబా మీదికి ఎక్కమని చెప్పండి.

ఇట్లు,
మీ బిల్లులో పేరున్న వినియోగదారు