మంత్రిగారూ, మా అమ్మ పొట్టలో ఏ మెష్ ఉందో ఎవరికీ తెలీదు

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది నల్గొండ జిల్లాలో పత్తి పండే ఒక పల్లె. మా అమ్మకి 46 ఏళ్ళు. మొన్నామధ్య ఆర్టీసీ బస్సులో ఒక పిల్ల లేచి సీటిచ్చి "ఎన్నో నెలక్కా?" అని అడిగితే, అప్పటికే అరగంట నుంచి నిలబడి నడుం పడిపోయిన మా అమ్మ "ఎనిమిది" అని చెప్పి కూర్చుంది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి నవ్వింది. కాసేపటికి ఏడ్చింది.

అది కడుపు కాదండీ, హెర్నియా, అంటే పొట్ట కండరాల మధ్య పడ్డ ఖాళీలోంచి పేగులు ముందుకి తోసుకురావడం. 34 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు, బొడ్డు కింద నిలువు కోత. ఐదేళ్ళకి ఆ కోత దగ్గర నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది, దగ్గితే బయటికి, పడుకుంటే లోపలికి. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఒక ఆసుపత్రిలో మెష్ వేసి కుట్టారు, అంటే ఖాళీకి దన్నుగా లోపల పెట్టే వలలాంటిది, మా ఊళ్ళో దాన్ని జాలీ అంటారు. మూడేళ్ళు బాగానే ఉంది. తర్వాత మళ్ళీ మొదలై, ఇప్పుడు స్కాన్‌లో చూస్తే కండరాల మధ్య ఖాళీ 14 సెంటీమీటర్లు. 10 దాటితేనే పెద్దదని లెక్కట. వంగి పత్తి ఏరలేదు, బిందె ఎత్తలేదు, కుచ్చిళ్ళు పక్కకి దోపుకుంటుంది.

హైదరాబాద్‌లో ఒక డాక్టరుగారికి చూపించాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ముందు ఏ మెష్ వేశారు, ఏ పొరలో వేశారు? మా దగ్గరున్న డిశ్చార్జ్ కాగితంలో హెర్నియా రిపేర్, మెష్ వేశాం అని ఒక్క లైనుంది, అంతే. ఆ ఆసుపత్రికి వెళ్ళి అడిగితే పాత రికార్డు దొరకలేదన్నారు, ఆపరేషన్ చేసిన డాక్టరు అక్కడ మానేసి ఎన్నాళ్ళో అయింది. మా అమ్మ ఒంట్లో ఉన్న వస్తువు గురించి మా అమ్మకే కాదు, ఎవరికీ తెలీదు. మా ఇంట్లో ఫ్రిజ్ వారంటీ కార్డు మాత్రం భద్రంగా ఉంది.

ఆ ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో ఆయన చెబితే అర్థమైంది. ఇంత పెద్ద ఖాళీని రెండు పక్కల నుంచి బలవంతంగా లాగి కుడితే నిలవదు. పొట్ట మధ్యలో రెండు నిలువు కండరాలుంటాయి, వాటి పక్కన అటూ ఇటూ మూడేసి పొరల కండరాలు. ఆ పొరల్లో ఒకదాన్ని జాగ్రత్తగా విడదీస్తే నిలువు కండరాలు మధ్యకి జరుగుతాయి, వాటి వెనక వెడల్పాటి మెష్ పరుస్తారు. ఇంట్లో మిషను కుట్టే మా అమ్మ వెంటనే "ఇరుకైన జాకెట్టుకి పక్క కుట్లు విప్పి ముందు హుక్కులు పెట్టినట్టా?" అంది. డాక్టరుగారు నవ్వేసి, అదేనమ్మా అన్నారు. పై పొర విడదీసే పద్ధతిని 1990లో రమిరెజ్ అనే సర్జన్ ప్రచురిస్తే, లోపలి పొరని విడదీసే పద్ధతిని 2012లో నోవిట్‌స్కీ బృందం ప్రచురించింది. అయితే పాత మెష్ ఎక్కడ అతుక్కుని ఉందో, ముందే ఏ పొరని కదిపారో తెలియకుండా కత్తి పెడితే, విప్పకూడని కుట్టు విప్పినట్టే.

ఇదేదో మా ఒక్క ఇంటి గోల అనుకోకండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే మన తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అందరికీ నిలువు కోత ఉండదు, కోత పడ్డవాళ్ళందరికీ హెర్నియా రాదు, నిజమే. కానీ ఇన్ని పొట్టలు కోసిన చోట మా అమ్మలాంటి వాళ్ళు ఎంతమంది నడుముకి బెల్టు కట్టుకుని పొలంలో ఉన్నారో ఎవరైనా లెక్కపెట్టారా?

మెష్ వేస్తే ఇక రాదనుకోవడం కూడా పొరపాటే. నెదర్లాండ్స్‌లో కోత హెర్నియా ఆపరేషన్ అయినవాళ్ళని పదేళ్ళు గమనిస్తే, ఉత్త కుట్లు వేసినవాళ్ళలో 63 శాతం మందికి, మెష్ వేసినవాళ్ళలో కూడా 32 శాతం మందికి తిరగబెట్టింది. అంటే ముగ్గురిలో ఒకరు మళ్ళీ ఇంకో డాక్టరు ముందు కూర్చుంటారు, ఆ డాక్టరు ఇదే ప్రశ్న అడుగుతారు. డెన్మార్క్‌లో 2007 నుంచే పొట్ట హెర్నియా ఆపరేషన్లకి దేశమంతటికీ ఒక రిజిస్టర్ నడుస్తోంది. మనకి అంత పెద్దది వెంటనే అక్కర్లేదు సార్.

నేనడిగేది ఒక కాగితం. కార్డు మీద హెర్నియా ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జ్ కాగితంలో ఖాళీ ఎన్ని సెంటీమీటర్లుందో, మెష్ పేరూ సైజూ ఏంటో, ఏ పొరలో పెట్టారో, ఏ కండరాన్ని విడదీశారో రాయాలి, మెష్ డబ్బా మీద ఉండే స్టిక్కర్ దానికి అంటించాలి. అవి లేకపోతే బిల్లు ఇవ్వకండి. బిల్లు ఆగితే ఎంత త్వరగా రాస్తారో మీకు నాకన్నా బాగా తెలుసు. ఇంకోటి, 3 సెంటీమీటర్ల హెర్నియానీ 14 సెంటీమీటర్ల హెర్నియానీ ఒకే గాట కట్టకండి. మా అమ్మకి నెల ముందే పొట్ట పక్క కండరాలు వదులవడానికి బొటాక్స్ ఇంజెక్షన్లు వేయాలంటున్నారు (అవును, సినిమావాళ్ళు ముడతలకి వేయించుకునేదే), ఆపరేషన్ గంటలకొద్దీ పడుతుంది, పేగులన్నీ లోపలికి వెళ్ళాక ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడుతుందని ఐసీయూ బెడ్ కూడా చూసుకోమన్నారు. చిన్న హెర్నియా రేటుకి ఇదంతా ఎవరు చేస్తారు చెప్పండి?

ఆపరేషన్‌కి ముందు అమ్మ ఏడు కిలోలు తగ్గాలి, షుగర్ అదుపులోకి రావాలి. ఇప్పటికి మూడు కిలోలు తగ్గింది, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటోంది. ఈసారి మెష్ స్టిక్కర్ నేనే అడిగి తీసుకుని ఫ్రిజ్ కార్డు పక్కన పెట్టుకుంటాను. అడగాలని తెలియనివాళ్ళ సంగతి మాత్రం మీరే చూడాలి.

ఇట్లు,
ఒక కూతురు