ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి నమస్కారాలు.

ఒక విదేశీ పరిశోధకురాలికి కావలసిన పత్రం గురించి తమ కార్యాలయానికి పంపిన అర్జీలకు, గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

1961లో ఏర్పడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ మన దేశపు భాషలు, చరిత్ర, సంగీతం, సమాజం మీద పనిచేసేవారికి ఫెలోషిప్పులు ఇస్తోంది. విదేశీ పరిశోధకులకు పరిశోధన వీసా కావాలి. దానికి ఇక్కడి విద్యాసంస్థ అనుబంధ పత్రం, అంటే ఆ పరిశోధన తమతో అనుబంధంగా సాగుతుందని తెలిపే కాగితం, ఇవ్వాలి. ఒడిశాలోని మా గజపతి జిల్లా తెలుగు పల్లెల పాటలపై పనిచేయదలచిన పరిశోధకురాలికి మీ విశ్వవిద్యాలయం నుంచి ఆ ఒక్క సంతకమే దొరకలేదు. ఆమె ఫెలోషిప్పు గడువు దాటిపోయింది.

నష్టం ఆమె ఒక్కరిదే కాదు. మా వీధి పెద్దమ్మ ఒకరు దంపుళ్ల పాటను తెలుగులో ఎత్తుకుని, రోకటి పోటు తప్పకుండా ఒడియాలోకి మళ్లించేవారు. మొన్న వేసవిలో కన్నుమూశారు. ఆ పాటను ఎవరూ రికార్డు చేయలేదు. ఇలాంటి గొంతులను భద్రపరచడానికే ఆ అమెరికన్ సంస్థ 1982లో సంగీత భాండాగారాన్ని నెలకొల్పింది. ఇప్పుడది గుర్‌గావ్‌లో ఉంది.

గిడుగు రామమూర్తి గారు మా జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారు. 1936లో ఆ ఊరు ఒడిశాలో చేరింది, తెలుగు మాత్రం ఇళ్లలో నిలిచే ఉంది. ఇంత సంపద ఉన్నచోట కాగితం కదలకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

అనుబంధ పత్రాల దరఖాస్తులకు ఒక అధికారిని నియమించండి. 30 రోజుల్లో అవునో కాదో రాతపూర్వకంగా తెలియజేయించండి. కాదంటే కారణం చెప్పించండి. ఆ పరిశోధకురాలు మళ్లీ దరఖాస్తు చేయడానికి సిద్ధంగా ఉన్నారు. ముందుగా ఆమెకు జవాబివ్వండి.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయుడు