టికెట్ అమ్మేటప్పుడే చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఉంటాను. సెంట్రింగ్ మేస్త్రీని, ఈ పనిలో 22 ఏళ్లయింది. చదివింది మరాఠీ బడిలో. తెలుగు మాత్రం మా బాపు నేర్పాడు. గోదావరి అవతల నుంచి వచ్చే పేపరును రోజూ నా చేత గట్టిగా చదివించేవాడు. పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే దిద్దండి, విషయం మాత్రం వెయ్యండి. క్రిస్మస్, సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. పార్కుకు పోదామని ఇప్పుడు ఎన్నో ఇళ్లలో పిల్లలు అడుగుతుంటారు.

మొన్న దీపావళి సెలవుల్లో మేం ఏడుగురం హైదరాబాదు శివార్లలోని ఒక థీమ్ పార్కుకు వెళ్లాం. దాని పేరు రాయను. నేను చూసింది ఆ ఒక్క చోటే జరుగుతుందని నాకు నమ్మకం లేదు.

ముందు సెలవుల సంగతి చెప్పాలి. తెలంగాణ బడులకు పెద్ద సెలవులు దసరాకు. మా మహారాష్ట్ర బడులకు దీపావళికి. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే, మా ఆడవాళ్లూ బతుకమ్మ ఆడతారు, కానీ పిల్లల బడి మాత్రం అక్కడి లెక్క ప్రకారం నడవదు. అందుకే మాకు ఎక్కడికైనా వెళ్లే వీలు దొరికేది భావుబీజ్ అయ్యాకే. అది దీపావళి వెంటే వచ్చే అన్నాచెల్లెళ్ల పండగ. మా చెల్లె ఆ పండక్కి కూతుర్ని తీసుకుని చంద్రపూర్ నుంచి వచ్చింది. అదే వారం ఫోన్లో ఆ పార్కు ప్రకటన కనబడింది. దీపావళి ఆఫర్ అని మరాఠీలో రాసి ఉంది. అంటే మా వైపు ఇప్పుడు సెలవులని వాళ్లకు తెలుసు. తెలిసే మా భాషలో పిలిచారు. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

టికెట్లు మా అమ్మాయి ఆన్‌లైన్లో తీసింది. పెద్దలం నలుగురం, పిల్లలు ముగ్గురు, జీఎస్టీతో కలిపి 8,960 రూపాయలు. కారు కిరాయి, టోల్ వేరే. ఆ టికెట్ల డబ్బే నాకు పది పన్నెండు రోజుల కూలి. అయినా బాధపడలేదు. పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లి మూడేళ్లయింది.

మావాడు ఆరో తరగతి. పార్కు వీడియోలన్నీ చూసి, నోటుబుక్కు కాగితం మీద రైడ్ల పేర్లు వరసగా రాసుకున్నాడు. మొత్తం 14. ఎక్కినదానికల్లా టిక్కు పెట్టడానికి పక్కన చిన్న చిన్న గళ్లు గీశాడు. రాత్రి పన్నెండుకే స్నానం చేసి, ఆ కాగితం జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. రెండింటికి బయల్దేరాం. గోదావరి వంతెన దాటాక చీకట్లోనే అమ్మ కాళేశ్వరం గుడి వైపు తిరిగి దండం పెట్టుకుంది. కాటారం, భూపాలపల్లి, పరకాల, హనుమకొండ, జనగామ. మాకు హైదరాబాదు దాదాపు 280 కిలోమీటర్లు. దారిలో రెండుసార్లు ఆగి, తొమ్మిదిన్నరకు గేటు ముందుకు చేరాం.

టికెట్లు చూపించి లోపలికి అడుగు పెట్టాక, పది గజాల అవతల ఒక బోర్డు కనబడింది. ఇంగ్లిషులో ఉంది. మా అమ్మాయి చదివి చెప్పింది: కొత్త రైడ్ల నిర్మాణం జరుగుతోంది, అలల కొలను, మరికొన్ని రైడ్లు పనిచేయవు, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. ఆ మరికొన్ని ఏవో అందులో లేదు. ఒక్కోదాని దగ్గరికి నడిచి వెళ్లి, గొలుసు కట్టి ఉంటే వెనక్కి తిరగడమే. మావాడి కాగితంలో సాయంత్రానికి టిక్కులు పడ్డవి ఆరు. రెండింటికి వాడి ఎత్తు చాలలేదు, దానికి పార్కును తప్పు పట్టను, ఆ నియమం పిల్లల మంచికే. మిగతా ఆరూ మూసినవే.

అలల కొలనులో నీళ్లు తీసేసి, అడుగున టైల్స్ ఊడగొడుతున్నారు. బ్రేకర్ మోతకు పక్కవాళ్ల మాట వినబడటం లేదు. మా చెల్లె కూతురికి తొమ్మిదేళ్లు. కొత్త ఈత బట్టలున్న సంచిని రెండు చేతులతో పట్టుకుని ఆ గట్టు మీద నిలబడి, "మామా, నీళ్లు ఎప్పుడు వదుల్తరు?" అని అడిగింది. సాయంత్రం వదుల్తరమ్మా అన్నాను. అబద్ధమని నాకు తెలుసు. ఆ అబద్ధం చెప్పినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కట్టడం పని మీద నాకు కోపం ఎందుకుంటుంది? అదే నా తిండి. మా సిరొంచ - ఆలపల్లి జాతీయ రహదారి పని ఎన్నేళ్లుగా సాగుతోందో ఆ దారిన పోయేవాళ్లకు తెలుసు. దుమ్ము మాకు కొత్త కాదు. పార్కు అన్నాక పాతవి తీసేయాలి, కొత్తవి కట్టాలి, ఉన్నవాటికి మరమ్మతు చేయాలి. మరమ్మతు కోసం రైడ్ ఆపారంటే నేను సంతోషిస్తాను. కానీ జనం మధ్యలో పని చేసేటప్పుడు ఒక పద్ధతి ఉంటుంది. అక్కడ అది లేదు. నా కళ్లు ఊరికే ఉండవు కదా, వద్దనుకున్నా పని దగ్గరికే పోతాయి.

పిల్లల జెయింట్ వీల్‌కు పోయే దారి పక్కనే పునాది గుంతలు తీశారు. ఐదడుగుల లోతు ఉంటాయి, వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. స్తంభాల ఇనుప సలాకలు నడుమెత్తు వరకు లేచి ఉన్నాయి. వాటి మొనలకు ప్లాస్టిక్ టోపీలు లేవు. దారికీ గుంతకూ మధ్య ఉన్నది ఎరుపు తెలుపు ప్లాస్టిక్ పట్టీ ఒక్కటే, అదీ రెండు చోట్ల తెగి నేల మీద పడి ఉంది. పరుగెత్తే పిల్లాడిని ఆ పట్టీ ఆపుతుందా? మేం మా ఊళ్లో బడికి రెండు గదులు కట్టినప్పుడు కూడా ముందు చుట్టూ రేకులు కట్టి, తరవాతే గునపం పట్టాం. కాంక్రీటు కలిపే మిల్లర్‌కు కరెంటు ఇచ్చిన వైరు జనం నడిచే తడి నేల మీదుగా పోతోంది. అమ్మను చెయ్యి పట్టి దాన్ని దాటించాను.

పనివాళ్లను లెక్కపెట్టాను, పన్నెండు మంది. హెల్మెట్లు ముగ్గురికే ఉన్నాయి. మాలాంటి వాళ్ల భద్రత కోసం, సంక్షేమం కోసం 1996లోనే చట్టం వచ్చింది. నా లేబర్ కార్డు దాని కిందే వచ్చింది. అంత పెద్ద పార్కులో తొమ్మిది హెల్మెట్లకు డబ్బు లేదంటే నేను నమ్మను.

నాకు నిజంగా భయం వేసింది మధ్యాహ్నం. కొండగుహలా కనబడే ఒక పెద్ద ద్వారం ఉంది, దాని కింద నుంచే జనం నడవాలి. పగిలిన చోట చూస్తే లోపలంతా థర్మకోల్, పైన ఫైబర్ పూత. దాని మీద పరంజా కట్టి వెల్డింగ్ చేస్తున్నారు. నిప్పురవ్వలు ఆ పగుళ్ల మీదే పడుతున్నాయి. కింద తడిపిన గోనె లేదు, ఇసుక బకెట్టు లేదు, మంట ఆర్పే సిలిండర్ లేదు. కింద మాత్రం ఐస్‌క్రీమ్ కోసం వరసలో నిలబడ్డ పిల్లలు ఉన్నారు.

గుజరాత్‌లోని రాజ్‌కోట్ సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2024 మే 25, శనివారం, వేసవి సెలవులు. అక్కడి గేమింగ్ జోన్‌లో ఒక పక్క వెల్డింగ్ జరుగుతుండగానే జనాన్ని లోపలికి వదిలారు. రవ్వలు పడి అంటుకుంది. 27 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. అగ్నిమాపక అనుమతి కూడా లేకుండా దాన్ని నడిపారని తరవాత బయటపడింది. ఆ ద్వారం కింద నిలబడ్డప్పుడు నాకు అదే మతికి వచ్చింది. చెయ్యి ఊపి వెల్డర్‌ను కిందికి పిలిచాను. ఇరవై ఏళ్లు కూడా నిండని బీహార్ పిల్లాడు. హిందీలో అడిగితే మర్యాదగా చెప్పాడు. దసరా రద్దీ తగ్గగానే పని మొదలైందట, క్రిస్మస్‌కు ముగించాలట. రాత్రి పూట చేస్తామంటే రాత్రి కూలి ఎక్కువవుతుందని కాంట్రాక్టరు ఒప్పుకోలేదట. సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, నేనూ ఈ పనివాడినేనని చెప్పి, రవ్వలు ఎక్కడ పడుతున్నాయో చూపించాను. ఆయన వాదించలేదు. వెల్డింగ్ ఆపించాడు. గంట తరవాత మళ్లీ అటు వెళ్తే, మళ్లీ నడుస్తోంది.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. దగ్గరి దారి మూసేసి చుట్టూ తిప్పి పంపడంతో ఆమె నడవలేక గట్టు మీద కూలబడింది. అక్కడ పనిచేసే ఒక అమ్మాయి చూసి, చక్రాల కుర్చీ తెచ్చి, భోజనాల దగ్గరికి తనే తోసుకెళ్లింది. భోజనాల దగ్గరా దుమ్మే. "ఇంత దూరం వచ్చింది ఈ దుమ్ము మింగడానికా బిడ్డా" అంది అమ్మ. ఆ అమ్మాయి తల వంచుకుంది. తప్పు ఆమెది కాదు. కానీ తిట్లు తినేది రోజూ ఆమెలాంటి వాళ్లే.

సాయంత్రం ఆఫీసులో అడిగాను. మూసిన రైడ్లకు తగ్గట్టు కొంత డబ్బు తిరిగి ఇవ్వండి, లేకపోతే ఇదే టికెట్ మీద ఇంకోసారి రానివ్వండి అన్నాను. ఏ రైడ్ అయినా ముందు చెప్పకుండా ఆపవచ్చని నియమాల్లో ఉంది సార్, టికెట్ కొనేటప్పుడు మీరు ఒప్పుకున్నారు అన్నారు. ఉదయం రైడ్ పాడైతే ఆ మాట సరే. మూడు వారాలుగా విప్పి పెట్టిన రైడ్‌కూ అదే జవాబా? ప్రకటన మాత్రం మరాఠీలో రాయించగలిగారు. మూసిన రైడ్ల సంగతి గేటు దాటాక ఇంగ్లిషులో పెట్టారు. రమ్మని పిలవడానికి మా భాష తెలిసినవాళ్లకు, ఏది లేదో చెప్పడానికి తెలియకుండా పోయిందా? నా మనసుకు కష్టంగా ఉన్నది ఈ ఒక్క విషయమే. ముందే చెప్పి ఉంటే మేం వేసవిలో వెళ్లేవాళ్లం.

ఊరికి వచ్చాక మా ఊరి వకీలు గారిని అడిగాను. ఆయన చెప్పింది మిగతావాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. కొనేవాడికి తెలియాల్సిన సంగతిని కావాలని దాస్తే ఆ చట్టం ప్రకారం అది సేవాలోపం కిందికే వస్తుంది. ముఖ్యమైన సంగతిని కావాలని దాచిన ప్రకటన, తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. వెనక 1986 నాటి చట్టం ఉన్నప్పుడైతే మాలాంటి వాళ్లు హైదరాబాదుకే తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలనే నియమమూ లేదు. రెండేళ్లలోపు వేయాలి. అయితే మా జిల్లా కేంద్రం గడ్చిరోలి మాకు 200 కిలోమీటర్ల పైనే. అక్కడికి పోవాలన్నా ఒక రోజు కూలి పోతుంది. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి అని ఆన్‌లైన్లో వేసే ఏర్పాటు వచ్చిందని వకీలు గారు చెప్పారు. దానికంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు. నేను చేశాను. ఫిర్యాదు రాసుకుని నంబరు ఇచ్చారు.

నేను పార్కుల వాళ్లను పెద్ద కోరికలేమీ అడగడం లేదు. టికెట్ అమ్మే పేజీలోనే, డబ్బు కట్టే ముందు, ఈ తేదీన ఈ రైడ్లు ఉండవు అని పేర్లతో రాయండి. తెలుగులో, మరాఠీలో, హిందీలో రాయండి. సగం పార్కు విప్పి పెట్టినప్పుడు పూర్తి ధర తీసుకోకండి. వెల్డింగ్, బ్రేకర్ పని రాత్రికి పెట్టుకోండి, రాత్రి కూలి ఇచ్చి చేయించండి. గుంతల చుట్టూ పట్టీలు కాదు, రేకులు కట్టండి. అధికారులకు కూడా ఒక మనవి. పెద్ద సెలవులకు ముందు ఒకసారి వెళ్లి చూడండి. దసరా, సంక్రాంతే కాదు, సరిహద్దు ఇవతల మాకు దీపావళి సెలవులుంటాయి, ఆ రోజుల్లోనూ చూడండి. వెంట ఆఫీసు మనిషితో పాటు ఒక మేస్త్రీని తీసుకెళ్లండి. నన్ను పిలిస్తే నా ఖర్చుతో వస్తాను.

మావాడు ఆ కాగితాన్ని పారేయలేదు. మడిచి మరాఠీ పుస్తకంలో పెట్టుకున్నాడు. వేసవి సెలవుల్లో మళ్లీ పోదామా బాపూ అని అడుగుతున్నాడు. మూసి ఉన్న ఆ ఆరు రైడ్లు అప్పటికి తెరుస్తారా అని కనుక్కుందామని, టికెట్ మీద ఉన్న నంబరుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. రింగ్ అవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

ఇట్లు,
ఒక సెంట్రింగ్ మేస్త్రీ,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర.