అమ్మలూకి, మెల్‌బోర్న్‌కి

అమ్మలూ,

దసరా ఫోటో చూశాం, ఆ చీర నీకు బాగా నప్పింది. ఎడమచెయ్యి పమిట కింద ఎందుకు దాచావని అడగను. నీ సైకిలు ట్రాము పట్టాల్లో ఇరుక్కుందని చంటి పిన్నితో అన్నాడట. వాడు గోరంత ఉంటే కొండంత చేస్తాడు, అయినా నువ్వు పదిరోజులుగా ఫోన్ చెయ్యకపోతే ఏమనుకోవాలి? సర్లే, నీ తోటల సైకిలు యాత్ర గురించి రాద్దామని కూర్చున్నాను.

పన్నెండు మందిని తీసుకుని సెరెస్ తోట నుంచి మెర్రి క్రీక్ వాగు వెంట డైట్స్ ఫాల్స్ దాకా, అక్కణ్ణుంచి యారా నది పక్కన కాలింగ్‌వుడ్ చిల్డ్రన్స్ ఫామ్‌కి అన్నావట నాన్నతో. మంచి దారి. వాగు వెంట ట్రాముల బెడద లేదు. సెరెస్ చేరేలోపు లైగన్ స్ట్రీట్, నికల్సన్ స్ట్రీట్ దాటేవాళ్లకే జాగ్రత్త చెప్పాలి. పట్టాల్ని సూటిగా అడ్డంగా దాటాలి. ఏటవాలుగా పోతే సన్న టైరు గాడిలో దిగబడుతుంది, ఇక హ్యాండిల్ ఎంత తిప్పినా చక్రం తిరగదు. వానకు తడిసిన పట్టా మీద బ్రేకు అసలు నొక్కకూడదు. ఇవన్నీ నీకు తెలిసినవే, అందుకే చంటి మాట నమ్మబుద్ధి కావడం లేదు.

ముందు నువ్వుండు, చివర పనిముట్ల సంచితో నమ్మకస్తుణ్ణి ఒకణ్ణి పెట్టు. ప్రతి మలుపులో నీ వెనకాల మనిషి ఆగి దారి చూపించాలి, చివరివాడు వచ్చాకే కదలాలి. గంటకు 12 కిలోమీటర్లు చాలు. బయల్దేరేముందు అందరి సైకిళ్లకీ గాలి, బ్రేకులు, చైను చూడండి. పంపు సన్నటి ప్రెస్టా, లావుపాటి ష్రేడర్ వాల్వులు రెండింటికీ పట్టాలి, లేకపోతే ఉండీ లేనట్టే. పంక్చరైతే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలంతా గుడ్డతో తుడుస్తూ వెతకండి. ముల్లు అందులోనే ఉండిపోతే కొత్తదీ పోతుంది. గాలి కొట్టే పని మాత్రం నువ్వు పెట్టుకోకు, మణికట్టు మీద భారం పడుతుంది. అక్టోబరు గదా, మ్యాగ్‌పై పిట్టలు గూళ్ల దగ్గర మీదికొస్తాయి. అక్కడ దిగి నడిపించుకుంటూ వెళ్లండి, హెల్మెట్ తియ్యకండి.

సెరెస్‌లో ఆ నేల కథ చెప్పు. రాళ్ల క్వారీ తవ్వి వదిలేసి, తర్వాత చెత్త పోసిన చోట 1982లో మొదలుపెట్టారు. పాత ఊళ్లలో నేలలో సీసం ఉండొచ్చు, అందుకే ఎత్తు మడుల్లో బయటి మట్టి పోస్తారని కూడా చెప్పు. అడుగున నీళ్లు నిలవుండే మడి చూపిస్తే కొలతలు అడుగుతారు. నీటి అర 30 సెంటీమీటర్లు మించకూడదు, పైన మట్టి కూడా అంతే. నీరు అంతకన్నా పైకి సరిగా ఎగబాకదు. పొర్లు గొట్టం నీటి అర పై అంచున ఉండాలి. అది పూడుకుపోతే వేళ్లు కుళ్లి మురుగు వాసన వస్తుంది. సంచీల్లో అమ్మే కుండీల మట్టి విప్పేటప్పుడు మాస్కు కట్టుకో, అందులో ఉండే లీజియొనెల్లా అనే సూక్ష్మజీవి ఊపిరితిత్తులకు పడుతుంది. ఆ సంచీల మీదే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

తాతయ్య సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఏలూరు కాలవగట్టు మీద విత్తనాల మూటతో వస్తూ సైకిలు జారింది. అరచెయ్యి ఆనించి పడ్డారు. బెణికిందంతే అన్నారు. బామ్మ పసుపు, సున్నం పట్టు వేసింది, వాపు తీసింది, అందరూ మర్చిపోయారు. కోతలొచ్చేసరికి కొడవలి పట్టు చిక్కలేదు. తర్వాత నీళ్ల చెంబు జారిపోవడం మొదలైంది. అప్పుడు పట్నం తీసుకెళ్లి ఎక్స్‌రే తీయిస్తే, బొటనవేలి మొదట్లో జీడిపప్పంత ఎముక విరిగి అతుక్కోకుండా ఉండిపోయింది. దానికి నెత్తురు ఎక్కువగా ఒక కొస నుంచే అందుతుంది, మధ్యలో విరిగితే రెండో ముక్కకు అందకపోవచ్చు. మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనపడదు కూడా. అనుమానముంటే మణికట్టు కదలకుండా కట్టు కట్టి 10–14 రోజులకు మళ్లీ తీస్తారు. ఆయనకు అదంతా ఎవరు చెప్పారు! పోయేదాకా చొక్కా గుండీలు బామ్మే పెట్టేది.

బొటనవేలు పైకెత్తు. దాని మొదట్లో మణికట్టు దగ్గర చిన్న గుంట పడుతుంది, అక్కడ నొక్కు. నొప్పి ఉంటే ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లు. యాత్ర వాయిదా వేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. లేదంటే తోటల్లో నువ్వు నడిచి చూపించు, సైకిలు యాత్ర ఇంకొకళ్లు నడిపిస్తారు. నాన్నకి ఇంకా తెలియదు, నేను చెప్పలేదు.

తిరుగు ప్రయాణానికి విక్టోరియా పార్క్‌లో రైలెక్కండి, సైకిళ్లకు టికెట్ అక్కర్లేదు. మొదటి పెట్టె మొదటి తలుపు దగ్గర మాత్రం ఎక్కించకండి. అందరూ ఒకే పెట్టెలో కుక్కుకోవద్దు.

గోంగూర విత్తనాలు అడిగావు. ఇక్కణ్ణుంచి పంపను, అక్కడ విత్తనాల మీద కట్టుబాట్లు గట్టివి. రోజెల్లా అని అక్కడే దొరుకుతాయి. చలికి ఆగవు, నారు ఇంట్లో వెచ్చగా పెంచి, నేల బాగా వేడెక్కాక నవంబరు చివర్లో నాటు. గుంటలు చంటి చేత తవ్వించు.

అమ్మ