బొమ్మ రాని చోట ఏ అంకె వచ్చింది?

హైదరాబాదు,
ఆదివారం ఉదయం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరమూ, దాని వెనుకే వాట్సాప్‌లో వచ్చిన పదిహేడు స్క్రీన్‌షాట్లూ అందాయి. మీ ఊరి గ్రంథాలయం కోసం నువ్వు ఒంటిచేత్తో కట్టిన వెబ్‌సైటులో కొన్ని బొమ్మలు అసలు కనిపించడం లేదనీ, కొన్ని పేజీలు సగం వచ్చి ఆగిపోతున్నాయనీ, పుణెలో ఉన్న మీ అబ్బాయికి ఒక రకంగా, గ్రంథాలయంలోని కంప్యూటరులో మరో రకంగా కనబడుతున్నదనీ రాశావు. నాలుగు రోజులు కుస్తీ పట్టి, బ్రౌజరును తీసేసి మళ్లీ వేసి, కుకీలన్నీ తుడిచేసి, చివరికి కంప్యూటరును ఫార్మాట్ చేయించబోతుంటే చెల్లెమ్మ అడ్డుపడిందని రాసిన వాక్యం దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె మాట విని మంచిపని చేశావు. నిన్న రాత్రి పన్నెండు దాకా కూర్చుని నీ సైటంతా చూశాను. నీ తంటాలలో ఫార్మాట్‌తో పోయేది ఒక్కటీ లేదు.

ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు కాబట్టి అంతా ఇలా రాసి పెడుతున్నాను. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లలో దాదాపు అన్నింటిలోనూ ఉన్నది ఒకటే, ఆకుపచ్చ గుట్టా తెల్ల మబ్బూ ఉండి మూల చిరిగినట్టు కనబడే ఆ చిన్న గుర్తు. బొమ్మ రాలేదన్న సంగతి తప్ప అది మరేమీ చెప్పదు. ఎందుకు రాలేదో చెప్పేది వేరే చోట ఉంది. పేజీ తెరిచి ఉండగా ఎఫ్12 మీట నొక్కితే పక్కన ఒక అర తెరుచుకుంటుంది. అందులో ‘నెట్‌వర్క్’ అన్న చోటికి వెళ్లి, దాన్ని మూయకుండానే పేజీని మళ్లీ తెప్పించు. నీ బ్రౌజరు ఏయే వస్తువులను అడిగిందో, ఒక్కొక్కదానికి ఏ జవాబు వచ్చిందో వరుసగా పడుతుంది. ‘స్టేటస్’ అనే నిలువు వరుసలో ఉండే మూడంకెల సంఖ్య ఒక్కటి చూస్తే చాలు, వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. 200 అంటే అడిగినది దొరికింది. 404 అంటే సర్వరు వరకు, అంటే సైటును ఉంచిన అవతలి కంప్యూటరు వరకు వెళ్లాము, కానీ ఆ పేరుతో అక్కడ ఏమీ లేదు. 403 అంటే వస్తువు ఉన్నా లేకపోయినా నీకు ఇవ్వనన్నారు. 500 మొదలుకొని వచ్చేవన్నీ అవతలి సర్వరు సొంత అవస్థలు; వాటికి నీ కంప్యూటరును ఎంత కడిగినా ప్రయోజనం లేదు. అసలు అంకే లేకపోతే మాత్రం మన మాట అవతలికి చేరలేదు, లేదా జవాబు మన దాకా రాలేదు.

పుస్తకాల అట్టల పేజీతో మొదలుపెట్టాను. అక్కడ 64 బొమ్మలకు 41 రాలేదు, ఆ 41కీ 404 అనే వచ్చింది. స్కానరుతో తీసినవి బాగానే ఉన్నాయనీ, కెమెరాతో తీసినవే రావడం లేదనీ గమనించి నువ్వు కెమెరాను అనుమానించావు. గమనించడం వరకు నీ చూపు సరైనదే, కానీ తప్పు కెమెరాది కాదు. ఫైలు పేరు చివర వచ్చే జేపీజీ అనే మూడక్షరాలను నీ స్కానరు చిన్న అక్షరాలతో రాస్తుంది, నీ కెమెరా పెద్ద అక్షరాలతో రాస్తుంది. నువ్వేమో పేజీలో అన్నింటినీ చిన్న అక్షరాలతోనే రాశావు. నీ ఇంటి కంప్యూటరులో ఉన్నది విండోస్. దానికి ఈ రెండూ ఒకటే కనుక అన్ని బొమ్మలూ చక్కగా కనబడ్డాయి. నీ సైటు ఉన్న సర్వరు లినక్స్‌తో నడుస్తుంది; దానికి పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు, ఆ రెండు పేర్లూ రెండు వేర్వేరు ఫైళ్లు. మన లిపిలో పెద్దా చిన్నా అనే భేదమే లేదు కాబట్టి మనకు ఈ తప్పు కంటికి ఆనదు. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే తప్పుతో ఒక రాత్రంతా జాగారం చేశాను. ఆ 41 ఫైళ్ల పేర్లనూ నిన్న రాత్రే చిన్న అక్షరాలలోకి మార్చేశాను.

అయినా ఒక్క బొమ్మ మొండికేసింది. కైకలూరు పఠనాలయం ఛాయాచిత్రానికి నువ్వు తెలుగులోనే ‘కైకలూరు’ అని పేరు పెట్టావు. పేజీలో ఉన్నదీ అదే పేరు, సర్వరులో ఉన్నదీ అదే పేరు, అక్షరం పొల్లుపోలేదు, అయినా 404. దీనికి గంట పట్టింది. కంప్యూటర్లలో అక్షరాలను దాచే యూనికోడు అనే పద్ధతిలో ఐత్వాన్ని రెండు విధాలుగా దాచవచ్చు: మొత్తం కలిపి ఒకే గుర్తుగా దాచడం ఒక పద్ధతి, ఎత్వాన్నీ దాని కింద వచ్చే ముక్కనూ విడదీసి రెండు గుర్తులుగా దాచడం మరో పద్ధతి. ఆ ఫోటో మీ లైబ్రేరియను గారి పాత మ్యాక్ కంప్యూటరు నుంచి వచ్చిందని నువ్వే రాశావు. ఆపిల్ వారి పాత ఫైళ్ల పద్ధతి పేర్లలోని ఇటువంటి అక్షరాలను విడదీసి దాస్తుంది. నీ కీబోర్డు మాత్రం కలిపి టైపు చేస్తుంది. తెర మీద రెండూ ‘కై’ గానే కనబడతాయి, సర్వరుకు మాత్రం రెండూ వేరు. ఈ గొడవ లేకపోయినా తెలుగు పేర్లతో మరో చిక్కుంది. చిరునామాలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు, బైటు ఒక్కొక్కటి మూడు అక్షరాలుగా మారుతుంది కనుక ‘మొల్ల’ అన్న చిన్న పేరు కూడా 45 అక్షరాల తోక అవుతుంది. దాన్ని ఎవరైనా కాపీ చేసి పంపితే మధ్యలో తెగిపోయే అవకాశం ఎక్కువ. తెలుగు మీద నీకున్న మమకారం నాకు తెలియనిది కాదు, అయినా ఆ మమకారాన్ని బొమ్మ కింది వివరణలో చూపించు. ఫైళ్ల పేర్లకు ఇంగ్లీషు చిన్న అక్షరాలూ అంకెలూ చాలు, మధ్యలో ఖాళీలు కూడా వద్దు.

ఇక మీ అబ్బాయి సంగతి. వార్షికోత్సవాల పోస్టర్లు నీకు కనబడుతున్నాయి, నాకు కనబడుతున్నాయి, పుణెలో వాడికి ఒక్కటీ కనబడటం లేదు. వాడి చేత ఎఫ్12 నొక్కించి చూస్తే అంకె స్థానంలో, ఈ బొమ్మను అడ్డుకున్నది నీ బ్రౌజరేనని అర్థం వచ్చే ఎర్ర వాక్యం ఉంది. వాడు తన బ్రౌజరుకు ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షను, అంటే అదనపు తగిలింపు ఒకటి పెట్టుకున్నాడు. అటువంటివి బొమ్మలో ఏముందో చూడవు. చిరునామాలో ఏ మాటలున్నాయో చూసి, తమ దగ్గర ఉన్న పెద్ద జాబితాతో పోల్చుకుంటాయి. నువ్వేమో పోస్టర్లన్నింటినీ ‘యాడ్స్’ అనే ఫోల్డరులో పెట్టావు! నీ ఉద్దేశంలో అవి సభల ప్రకటనలే, ఎక్స్‌టెన్షను కూడా వాటిని ప్రకటనలనే అనుకుంది, ఇందులో దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. క్రోమ్‌లో అజ్ఞాత కిటికీ తెరిస్తే మనం ప్రత్యేకంగా అనుమతించని ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు కాబట్టి, అక్కడ బొమ్మలు వచ్చాయంటే అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదికో, పాత నిల్వల మీదికో వెళ్లాలి. వాడి దగ్గర అలాగే వచ్చాయి. ఫోల్డరు పేరును ‘సభలు’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటతో మార్చాను.

ఇంతకు ముందు చెప్పిన అంకెల లెక్కకు ఒక మినహాయింపు ఉంది. అది నీ సైటులోనే దొరకడం వల్ల చెప్పక తప్పడం లేదు. పోయిన నెల పద్యపఠన పోటీల ఫోటోలకు 200 వచ్చింది, బరువు కూడా రెండు మూడు మెగాబైట్లు చూపిస్తున్నది, కానీ బొమ్మ లేదు. అవి ఐఫోనుతో తీసినవి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫోటోలను హెచ్ఈఐసీ అనే రూపంలో దాచడం మొదలుపెట్టాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఆ రూపాన్ని చదవలేవు. మీ కుర్రవాళ్లెవరో ఫైలు పేరు చివర జేపీజీ అని మార్చి ఎక్కించారు. పేరు మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు కదా! వాటిని నిజంగా జేపీజీలోకి మార్చి మళ్లీ ఎక్కించాలి. ఇకముందు ఈ పని తప్పాలంటే ఆ ఫోను సెట్టింగులలో, కెమెరా కింద, ఫార్మాట్స్ అన్న చోట ‘మోస్ట్ కంపాటిబుల్’ అన్నది ఎంచుకోమను.

కవుల చిత్రాల పేజీలో 403లు వచ్చాయి. ఇతరుల సైటులోని బొమ్మను దించుకోకుండా నేరుగా వారి చిరునామానే నీ పేజీలో పెట్టావు, ఏ పేజీ కోసం అడుగుతున్నారో చూసి వారు ఇవ్వబోమన్నారు. అందులో అన్యాయం ఏమీ లేదు. అదే పేజీలో మరికొన్నింటి చిరునామాలు పాత పద్ధతిలో ‘ఎస్’ లేని హెచ్‌టీటీపీతో ఉన్నాయి. నీ సైటు భద్రమైనది కనుక క్రోమ్ అటువంటి బొమ్మలను కూడా భద్రమైన దారిలోనే అడుగుతుంది, అవతల ఆ దారి లేకపోతే గప్‌చుప్‌గా వదిలేస్తుంది. ఈ రెంటికీ మందు ఒకటే: అనుమతి ఉన్న చిత్రాలను మాత్రమే తీసుకుని, మూలం పేర్కొని, నీ సర్వరులోనే పెట్టుకో.

గ్రంథాలయంలోని కంప్యూటరు విషయం పూర్తిగా వేరు. అక్కడ నీ సైటు ఒక్కటే కాదు, చాలా సైట్లు ‘మీ కనెక్షను సురక్షితం కాదు’ అని భయపెడుతున్నాయని రాశావు. నువ్వు పంపిన పదిహేడింటిలో నాకు అన్నింటికన్నా పనికొచ్చినది ఆ స్క్రీన్‌షాటే, అదీ కుడి వైపు కింది మూలన ఉన్న తేదీ వల్ల. అది 2009 జనవరి ఒకటి! భద్రమైన ప్రతి సైటుకూ ఒక ధ్రువపత్రం ఉంటుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉంటుంది. 2009లో కూర్చున్న కంప్యూటరుకు నీ ధ్రువపత్రం ఇంకా పుట్టనే లేదు. రోజూ సాయంత్రం ప్లగ్గు తీసేస్తారని అన్నావు కనుక, లోపలి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండి, ప్లగ్గు తీసినప్పుడు తేదీని నిలబెట్టే సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉండాలి. గడియారాల కొట్టులో దొరుకుతుంది. తేదీ సరిచేశాక కూడా కొన్ని సైట్లు మొరాయిస్తే ఆశ్చర్యపోకు. అది విండోస్ 7. క్రోమ్ 109 తరువాత దానికి కొత్త క్రోమ్ రావడం మానేసింది. పైగా 2021 సెప్టెంబరు 30న, ఉచితంగా ధ్రువపత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆధారపడిన పాత మూల ధ్రువపత్రం, అంటే మిగతా పత్రాలకు పూచీగా నిలిచే పత్రం గడువు తీరిపోయింది. కొత్త మూలాన్ని ఎరుగని పాత యంత్రాలు ఆ రోజు నుంచి ఏ దోషమూ లేని సైట్లను కూడా నమ్మడం మానేశాయి. ఆ కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్ కూడా పెట్టి చూడు, ఎందుకంటే అది తన నమ్మకాల జాబితాను తన వెంటే తెచ్చుకుంటుంది.

డిజిటల్ పుస్తకాల కోసం నువ్వు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌కు ఇచ్చిన లంకెలు ఇప్పుడు నా దగ్గర పనిచేస్తున్నాయి. ఎప్పుడైనా అంకె లేకుండా ఆగిపోతే, నిన్ను నువ్వు తిట్టుకునే ముందు వేరే కనెక్షను మీద చూడు. 2014 డిసెంబరులో మన ప్రభుత్వ ఆదేశంతో 32 సైట్లను అడ్డుకున్నప్పుడు వాటిలో గిట్‌హబ్, విమియోలతో పాటు ఆర్కైవ్ కూడా ఉంది. మా ఆఫీసులో ఆ రోజు ఎందరు తమ తమ బ్రౌజర్లను తుడిచి మళ్లీ వేసుకున్నారో నాకు బాగా జ్ఞాపకం.

మిగిలింది నీ ఇంటి ఫైబరు కనెక్షను మీద సగంలో ఆగే పేజీలు. చిన్న పేజీలు చటుక్కున వస్తాయి, పెద్దవి మొదలై నిలిచిపోతాయి, అదే పేజీ ఫోను హాట్‌స్పాట్ మీద పూర్తిగా వస్తుంది అన్నావు. ఈ మూడు లక్షణాలూ కలిసి ఉన్నాయంటే నా అనుమానం పొట్లాల కొలత మీదికే పోతుంది. నెట్‌లో ఏ పేజీ అయినా చిన్న చిన్న పొట్లాలుగానే వస్తుంది. మామూలుగా ఒక పొట్లం 1500 బైట్ల దాకా ఉండవచ్చు. నీ రౌటరు లాగిన్ పేరు అడిగే పీపీపీఓఈ పద్ధతిది కనుక ప్రతి పొట్లంలోనూ ఎనిమిది బైట్లు దానికే పోయి 1492 మిగులుతాయి. అంతకన్నా పెద్దది వస్తే ‘పట్టదు, చిన్నది చేసి పంపు’ అని తిరుగు కబురు వెళ్లాలి. దారిలో ఎవరో ఆ కబురును అడ్డుకుంటే సర్వరు అదే పెద్ద పొట్లాన్ని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది, నువ్వు గుండ్రంగా తిరిగే గుర్తును చూస్తూ ఉంటావు. కమాండ్ ప్రాంప్ట్‌లో, పొట్లాన్ని ముక్కలు చేయవద్దన్న షరతుతో ముందు 1464, తరువాత 1472 కొలతలతో పింగ్ కొట్టించి, అంటే పరీక్ష పొట్లం పంపి జవాబు వస్తుందేమో చూడాలి. పింగ్ పైన తన చుట్టు కాగితానికి 28 బైట్లు కలుపుకుంటుంది కాబట్టి మొదటిది సరిగ్గా 1492 అవుతుంది, రెండవది 1500 అవుతుంది. మొదటిది వెళ్లి రెండవది వెళ్లకపోతే నా అనుమానం బలపడినట్టే. అప్పుడు రౌటరులో పొట్లం గరిష్ఠ కొలతను చెప్పే ఎంటీయూ అన్న గడిలో 1492 వేసి దాన్ని ఆపి మళ్లీ పెట్టు. ఆ గడిని నువ్వు వెతకలేకపోతే మీ అబ్బాయి దసరాకు వచ్చినప్పుడు చేయమను. వాడికి అయిదు నిమిషాల పని.

నేను మార్చినవన్నీ చూసేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కడం మరిచిపోకు. లేకపోతే నీ బ్రౌజరు తన దగ్గర దాచుకున్న పాత సరుకే చూపిస్తే, నేనేమీ చేయలేదని నన్ను నిందిస్తావు. ఇంకా ఏదైనా రాకపోతే ఈసారి ఆ చిరిగిన గుర్తు ఫోటో పంపవద్దు, దాని పక్కన ఏ అంకె వచ్చిందో రాయి. అమ్మగారికి నా నమస్కారాలు. ఆ 1464, 1472లలో ఏది వెళ్లిందో ఈ రాత్రికి ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు