పాత పీహెచ్‌పీ మీద ఇక మీ కౌంటర్ నడపలేను

మా దగ్గర లాడ్జి సాఫ్ట్‌వేర్, మండి బిల్లింగ్, హోటల్ ఆర్డర్ల ప్రోగ్రాం, వెబ్‌సైట్ తీసుకున్న మీ అందరికీ నమస్కారం. సూటిగా విషయానికొస్తాను. ఇంతకాలం మీ ప్రోగ్రాంలు నడిచిన పీహెచ్‌పీ 7.4ను పూర్తిగా తీసేసి అందరినీ 8.4కు మారుస్తున్నాం. కొందరివి ఇప్పటికే మారాయి. మిగిలినవాళ్లలో చాలామంది అడుగుతున్నది ఒకటే: "నడస్తా ఉండేదాన్ని ఎందుకప్పా కెలికేది?" తిరుపతి బస్టాండు పక్క లాడ్జీల నుంచి చిత్తూరు బెల్లం మండి దాకా అందరిదీ ఇదే మాట. న్యాయమైన ప్రశ్నే. ఫోన్లో రెండు ముక్కల్లో చెబితే తీరేది కాదు గనక రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. మీ కౌంటర్లో కనిపించే ప్రతి పేజీని వెనక సర్వర్లో తయారుచేసి పంపేది పీహెచ్‌పీ అనే భాష. 1994లో రాస్మస్ లెర్‌డార్ఫ్ తన రెజ్యూమెను ఎంతమంది చూస్తున్నారో తెలుసుకోవడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాంలతో మొదలైంది. 1995 జూన్‌లో ఆ కోడ్ అందరికీ ఇచ్చేశారు. తర్వాత ఇజ్రాయెల్‌లో చదువుకుంటున్న ఆండీ గుట్‌మన్స్, జీవ్ సురాస్కీ దాన్ని తిరగరాస్తే 1998లో పీహెచ్‌పీ 3 అయింది. వికీపీడియా, వర్డ్‌ప్రెస్ రెండూ నడిచేది దీని మీదే. కోడ్ మొత్తం ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు.

7.4 వెర్షన్ 2019 నవంబరు 28న వచ్చింది. సరిగ్గా మూడేళ్లకు, 2022 నవంబరు 28న, దాన్ని తయారుచేసినవాళ్లు దాని పని ముగించారు. ఆ తర్వాత దాంట్లో ఏ కన్నం బయటపడినా వాళ్లు పూడ్చరు. ప్రోగ్రాం ఆగిపోదు, రోజూ లాగే బిల్లు వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. 8.4కు మాత్రం 2028 డిసెంబరు 31 దాకా భద్రతా సవరణలు వస్తాయి.

ఇంకో కారణం కూడా ఉంది. సర్వర్లు అద్దెకిచ్చే ఒక హోస్టింగ్ కంపెనీ ఎప్పుడో ఒక మెయిల్ పంపి, ఒక వారాంతంలో తన సర్వర్లలో పాత వెర్షన్ తీసేసింది. శనివారం సాయంత్రం, దర్శనానికి వచ్చినవాళ్లు లగేజీతో రిసెప్షన్‌లో నిలబడి ఉండగా మన కస్టమర్ ఒకరి స్క్రీన్ తెల్లగా అయిపోయింది. అక్షరం ముక్క లేదు. ఆ తెల్ల పేజీ అంటే ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయింది, కారణం సర్వర్ లాగ్ ఫైల్లోకి వెళ్లింది అని అర్థం. లోపలి వివరాలు బయటివాళ్లకు కనపడకూడదని స్క్రీన్ మీద చూపించం. ఆ రాత్రి ఆ లాడ్జి వాళ్లు పుస్తకంలో రాసుకుని నెట్టుకొచ్చారు. మన మార్పు మన తేదీకి, రద్దీ లేని రోజున, మనం చూస్తుండగా జరగాలని నేను పట్టుబడుతున్నది అందుకే.

ఇక మార్చేటప్పుడు ఏమవుతుందో చెప్పాలి. చాలామంది కొత్త వెర్షన్ అంటే మొబైల్లో యాప్ అప్‌డేట్ లాంటిదనుకుంటున్నారు. అంత తేలిక కాదు. పాత పీహెచ్‌పీ చూసీచూడనట్టు వదిలేసినవాటిని 8 వదలదు.

ఒక లాడ్జి ప్రోగ్రాం మేం రాసింది కాదు, వేరేవాళ్ల దగ్గర్నుంచి మా చేతికి వచ్చింది. అందులో గ్రౌండ్ ఫ్లోర్ గదుల నంబర్లు జి1, జి2 అని ఉంటాయి. తాళం ఇచ్చేసినా స్క్రీన్ మీద అవి ఖాళీగానే కనిపించేవి. కౌంటర్లో కూర్చునే అబ్బాయి కింద గదులకు స్క్రీన్‌ను నమ్మడం మానేసి విడిగా చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాడు. కోడ్ తెరిస్తే కారణం ఒక్క లైనులో ఉంది: గది నంబరు సున్నాతో సమానమైతే 'గది కేటాయించలేదు' అని లెక్క. పాత పీహెచ్‌పీ ఒక అంకెనూ అక్షరాలనూ పోల్చాల్సి వస్తే అక్షరాలను అంకెగా మార్చేసేది. 'జి2' అంకెతో మొదలవదు గనక అది సున్నా అయ్యేది. సున్నా, సున్నా సమానం, కాబట్టి గది ఖాళీ! 101, 102 నంబర్లకు ఈ ఇబ్బంది లేదు, అందుకే పై అంతస్తులు సరిగ్గా కనిపించేవి. 2020 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.0 ఈ నియమాన్నే మార్చింది. ఇప్పుడు అక్షరాలు అంకె కాకపోతే, అంకెనే అక్షరాలుగా చూసి పోలుస్తుంది. '0' వేరు, 'జి2' వేరు. కొత్త వెర్షన్ మీద పెట్టగానే జి2 తనంతట తానే 'నిండింది' అని చూపించింది.

అదే నియమం ఇంకోచోట ఎదురు తిరిగింది. అడ్వాన్సు ఇవ్వని యాత్రికుడికి ఆ గడి ఖాళీగా వదిలేస్తారు కదా. ఖాళీ అంటే పాత పీహెచ్‌పీకి సున్నాతో సమానం, కాబట్టి అడ్వాన్సు రసీదు వచ్చేది కాదు. 8లో ఖాళీ సున్నాకు సమానం కాదు. పరీక్ష కాపీలో ఏమైందంటే, ఖాళీ గడికి కూడా అడ్వాన్సు రసీదు తయారై, దానికో వరుస నంబరు కూడా పడింది. ఇది ఎర్రర్ కాదు, తెల్ల పేజీ రాదు, ఎవరూ ఫోన్ చేయరు. నెలాఖరున రసీదు నంబర్లు ఎందుకు ఇన్ని ఎక్కువున్నాయని ఆడిటర్ అడిగినప్పుడు బయటపడేది. ఇలాంటివే నాకు టెన్షన్. ఆగిపోయే ప్రోగ్రాంను బాగుచేయడం సులువు. నడుస్తూనే తప్పు లెక్క చెప్పేదాన్ని పట్టుకోవడం కష్టం. అందుకే ఇప్పుడు మీ డేటా కాపీ మీద పాత వెర్షన్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన నడిపి, అవే ఎంట్రీలు రెండింటిలో వేసి, బిల్లులు లైను లైనుకీ సరిచూస్తున్నాం. రెక్టర్, పీహెచ్‌పీస్టాన్ అనే ఉచిత పనిముట్లు కోడ్‌లో మార్చాల్సిన చోట్లు చాలావరకు చూపిస్తాయి. కానీ ఖాళీ గడి అంటే మీ కౌంటర్లో అర్థమేమిటో వాటికి తెలియదు. ఆ పని మనిషే చేయాలి.

మండీ వాళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇది మన భాష సంగతి. రెండంగుళాల స్లిప్పు మీద రైతు పేరుకు చోటు తక్కువ. పాత ప్రోగ్రాంలో పేరును 20 దగ్గర కత్తిరించమని ఉంది. ఇంగ్లీషు పేర్లకు అది 20 అక్షరాలు. తెలుగుకు కాదు. పీహెచ్‌పీలో మామూలు ఫంక్షన్లు లెక్కపెట్టేది అక్షరాలను కాదు, కంప్యూటర్ వాటిని దాచుకునే చిన్న ముక్కలైన బైట్లను. తెలుగును దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు గుర్తు (అక్షరం, గుడి, కొమ్ము, సున్నా వేటికవే) ఒక్కోటి మూడు బైట్లు. 20 బైట్లంటే ఆరు గుర్తులు, మిగిలిన రెండు బైట్లు విరిగిన ముక్క. దాంతో వెంకటరమణ, వెంకటరత్నం, వెంకటరాముడు ముగ్గురి స్లిప్పుల మీదా 'వెంకటర' అని, పక్కన ఒక ప్రశ్నార్థకం గడి. ముగ్గురు రైతులు డబ్బు కోసం నిలబడితే ఏ స్లిప్పు ఎవరిది?

'తిరుపతి' అన్న మాటనే తీసుకోండి. బైట్లు లెక్కపెట్టే స్ట్ర్‌లెన్ అనే ఫంక్షన్ 21 అంటుంది. గుర్తులు లెక్కపెట్టే ఎంబీ స్ట్ర్‌లెన్ 7 అంటుంది, గుడి, కొమ్ము విడివిడిగా చూస్తుంది గనక. గ్రాఫీమ్ స్ట్ర్‌లెన్ మాత్రం మనం బడిలో పలికినట్టే 4 అంటుంది: తి, రు, ప, తి. మండి స్లిప్పులన్నీ ఈ మూడో పద్ధతికి మార్చాం. ఎంబీతో కత్తిరిస్తే గుర్తు విరగదు గానీ, రెడ్డి మధ్యలో తెగి 'రెడ్' దగ్గర ఆగొచ్చు. ఒత్తులున్న అక్షరాలు విడిపోకుండా ఉండాలంటే సర్వర్‌లో అన్ని భాషల అక్షరాల నియమాలు తెలిసిన ఐసీయూ అనే లైబ్రరీ కూడా కొత్తదై ఉండాలి. అది కూడా చూసే పెడుతున్నాం.

ఈ ఇబ్బందిని మూలంలోనే తీర్చాలని పీహెచ్‌పీ వాళ్లు ఒకసారి గట్టిగానే ప్రయత్నించారు. భాష మొత్తాన్ని లోపలి నుంచి యూనికోడ్‌లోకి (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఒకే పట్టిక) మార్చడానికి పీహెచ్‌పీ 6 అని మొదలుపెట్టారు. పని మరీ పెద్దదైపోయి 2010లో పక్కన పెట్టేశారు. 5 తర్వాత నేరుగా 7 రావడానికి కారణం అదే. అది పూర్తయి ఉంటే తెలుగు, తమిళం, హిందీలో పనిచేసే మాలాంటివాళ్లకు ఎంత శ్రమ తప్పేదో! ఇప్పటికీ ఆ లోటు నాకు బాధగానే ఉంటుంది.

కౌంటర్ కంప్యూటర్లోనే విండోస్ మీద జాంప్ (XAMPP, పీహెచ్‌పీని సర్వర్‌తో సహా ఒకేసారి వేసే ఉచిత ప్యాకేజీ) వేసుకుని నడుపుతున్నవాళ్లు ఈ పేరా తప్పకుండా చదవండి. 2024 జూన్‌లో ఒక పెద్ద లోపం బయటపడింది, దాని నంబరు సీవీఈ-2024-4577. విండోస్ మీద పీహెచ్‌పీని సీజీఐ పద్ధతిలో (వెబ్ సర్వర్ పీహెచ్‌పీని విడి ప్రోగ్రాంగా పిలిచే పద్ధతి) నడిపితే బయటివాడు పాస్‌వర్డ్ లేకుండానే మన కంప్యూటర్‌లో తన ఆదేశాలు నడిపించగలడు. 2012లో పూడ్చిన కన్నంలోకే మరో దారి దొరికింది. తైవాన్‌లోని డెవ్‌కోర్ సంస్థ పరిశోధకుడు ఆరెంజ్ త్సాయ్ దీన్ని కనిపెట్టారు. జాంప్ మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే ఈ దారి తెరిచే ఉండేది. చైనీస్, జపనీస్ విండోస్ మీద రుజువు చేశారు. మిగతా భాషల విండోస్‌కు ఏమీ కాదని వాళ్లు భరోసా ఇవ్వలేదు. 8.1.29, 8.2.20, 8.3.8 వెర్షన్లలో సరిచేశారు. 8.0కు, 7కు, 5కు సవరణ రాలేదు, వాటి గడువు అప్పటికే అయిపోయింది. ఇంటి నుంచి కలెక్షన్ చూసుకోవడానికి రౌటర్‌లో పోర్టు తెరిపించుకున్నవాళ్లు మీలో కొందరున్నారు. దయచేసి ఈరోజే మూయించండి. ఇంటి నుంచి చూసుకోవడానికి వేరే భద్రమైన దారి మేం పెట్టిస్తాం.

"ఊరికే ఇచ్చేదానికి బాధ్యత ఎవరిది?" అని ఒక హోటల్ ఆయన అడిగారు. దానికి 2021 మార్చి 28న జరిగింది చెబుతాను. పీహెచ్‌పీ సొంత సర్వర్‌లోకి ఎవరో చొరబడి, రాస్మస్ పేరుతోనూ, ముఖ్య డెవలపర్ నికితా పోపోవ్ పేరుతోనూ దొంగ కోడ్ చేర్చారు. అక్షరదోషం సరిచేసినట్టు పేరు పెట్టారు గానీ, లోపల ఉన్నది ఎవరి సర్వర్‌నైనా చేజిక్కించుకునే దొంగదారి. కోడ్ అందరి ముందూ ఉంటుంది గనక కొన్ని గంటల్లోనే దాన్ని చదివినవాళ్లు పట్టుకున్నారు, తీసేశారు. ఏ విడుదలలోకీ అది రాలేదు. తర్వాత కోడ్‌ను గిట్‌హబ్ అనే, కోడ్ దాచుకునే వెబ్‌సైట్‌కు మార్చారు. దాచిపెట్టిన కోడ్‌లో ఇలా జరిగితే మనకు తెలిసేదే కాదు. నేను ఈ భాషను నమ్ముకున్నది ఈ ధైర్యంతోనే.

అలా చూసుకునేవాళ్లు ఎక్కువమంది లేరు, అదే నా దిగులు. 2021లో నికితా వేరే పనికి వెళ్లిపోతున్నారని తెలిసినప్పుడు, ఇంత పెద్ద భాష కొద్దిమంది మీదే నిలబడి ఉందని అందరికీ అర్థమైంది. ఆ నవంబరులోనే కొన్ని కంపెనీలు కలిసి పీహెచ్‌పీ ఫౌండేషన్ పెట్టాయి; విరాళాలతో డెవలపర్లకు జీతాలిస్తుంది. మీరు కట్టే ఏడాది మెయింటెనెన్స్‌లోంచి ఈసారి నుంచి కొంత అక్కడికి పంపుతున్నాను. మీ బిల్లు పెరగదు, అది నా వాటాలోంచే.

డబ్బుతోపాటు పని కూడా చేయాలని మా కుర్రాళ్లకు చెప్పాను. లోపం పీహెచ్‌పీదేనని అనుమానమొస్తే, లాడ్జి ప్రోగ్రాం మొత్తం పక్కనపెట్టి, ఆ లోపం కనిపించే నాలుగైదు లైన్లు మిగిలేదాకా కోసుకుంటూ రావాలి. ఆ వెర్షన్‌తో వచ్చే మార్పుల ఫైలు చదివి అది కావాలని చేసిన మార్పేమో చూడాలి. కాకపోతేనే గిట్‌హబ్‌లో రాయాలి. అక్కడ ఏ లోపం సరిచేసినా దాంతోపాటు ఒక చిన్న పరీక్ష ఫైలు కూడా చేరుస్తారు, అదే లోపం మళ్లీ వస్తే వెంటనే తెలిసేలా. మన ప్రోగ్రాంలకూ అదే అలవాటు మొదలుపెట్టాం. జి2 గదికి, ఖాళీ అడ్వాన్సుకు, వెంకటరమణకు ఒక్కో పరీక్ష ఉంది ఇప్పుడు.

ఖర్చు సంగతి. మెయింటెనెన్స్‌లో ఉన్నవాళ్లకు ఈ మార్పు ఉచితం. లేనివాళ్లకు కోడ్ చూశాకే ధర చెబుతాను. ఒక మాట ముందే చెప్పాలి: పీహెచ్‌పీ 5 కాలంలో రాసిన ప్రోగ్రాంలు కొన్ని ఉన్నాయి, అవి డేటాబేస్‌తో మాట్లాడే పాత పద్ధతిని 2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7 వచ్చినప్పుడే తీసేశారు. వాటిని మార్చడం కంటే కొత్తగా రాయడమే చవక. అలాంటివాళ్లకు ఆ మాటే చెబుతాను, అతుకులు వేసి డబ్బు తీసుకోను.

లాడ్జీలకు మంగళ, బుధవారాల్లో చేస్తాం. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవుల్లో ఎవరిదీ ముట్టుకోం. మామిడి మండీలు, గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లవి కాయ రాకముందే పూర్తి కావాలి, కాబట్టి మీరు ముందు ఫోన్ చేయండి. మారిన రోజు మా మనిషి మీ కౌంటర్లోనే ఉంటాడు, ఆ రోజు బిల్లులన్నీ మీతో కలిసి సరిచూశాకే బయల్దేరతాడు.

ఆ తర్వాత తెల్ల పేజీ వచ్చినా, లెక్క తేడాగా కనిపించినా కంప్యూటర్ ఆపి మళ్లీ వేయకండి. స్క్రీన్ ఫోటో తీసి, టైము, ఏ బటన్ నొక్కితే వచ్చిందో, ఏ గడి ఖాళీగా వదిలారో వాట్సాప్‌లో పంపండి. ఆ టైము ఉంటే లాగ్‌లో ఆ లైను వెంటనే దొరుకుతుంది.